ఎండ ఉన్న మూల

హఫీజ్‌పేట్, హైదరాబాద్
నవంబరు 9

అన్నయ్యా,

ఫోను పెట్టుకుని ఉత్తరమేంటని నవ్వుకుంటున్నావు కదూ. నీకు చెవుడు, నాది పెద్ద గొంతు. నీకు వినపడేలా నేను అరిస్తే ఈ రెండు గదుల ఫ్లాటులో నీకంటే ముందు నా కోడలు వింటుంది. ముప్పై ఒక్క ఏళ్లు తపాలా ఆఫీసులో ఊరందరి ఉత్తరాలకీ ముద్రలు కొట్టినదాన్ని, నా గొడవ నేను రాసుకోలేనా?

విషయం చిన్నదే. నువ్వు నర్సరీ వాడివి కాబట్టి తీర్పు నువ్వే చెప్పాలి. మా బాల్కనీ తొమ్మిదో అంతస్తులో, దక్షిణం వైపు. నిరుటిదాకా పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండే. ఇప్పుడు ఎదురుగా ఇంకో టవరు లేస్తోంది. దాని నీడ మా బాల్కనీలోకి జరుగుతూ జరుగుతూ వచ్చి, చివరికి కుడిచేతి మూల ఒక్కటే మిగిలింది ఎండకి. ఆ మూలలో ఏముందో నీకు తెలుసు. నేనిక్కడికి వచ్చేటప్పుడు నువ్వు అంటుకట్టి ఇచ్చిన అమ్మ గులాబీ.

రోహిణికి ఇప్పుడు అక్కడ రోజ్‌మేరీ పెట్టాలట. ఆ ఆకు నీళ్లలో మరిగించి తలకి కొట్టుకుంటే జుట్టు వస్తుందట. మనం గులాబీ జడలో పెట్టుకున్నాం. వీళ్లు ముందు జడ మొలిపించుకునే పనిలో ఉన్నారు. అడగడం కూడా ఎంత మెత్తగా అడిగిందో చూడు: "అత్తమ్మా, గులాబీ ఎట్లాగూ పూస్తలేదు గదా. జర పక్కకి జరిపి రోజ్‌మేరీ పెడదామా?"

పూయడం లేదన్న మాట నిజమే. అక్కడే నా అనుమానం. అక్టోబరులో నేనే కొమ్మలు కత్తిరించాను, అమ్మ చేసినట్టే. ఆ తర్వాత నా భుజం దాకా ఏపుగా లేచింది. ఒక్క మొగ్గ లేదు. ఇంట్లో ఉండేది ముగ్గురం. అవినాష్‌కి లాప్‌టాప్ తప్ప లోకం లేదు. నేను కోయను. మరి మొగ్గలు ఎక్కడికి పోతున్నాయి?

రోహిణి చెడ్డపిల్ల అని నేననను. అవినాష్ ఆఫీసులోనే ఉద్యోగం, వాడు కోరి చేసుకున్నాడు. లింగంపల్లి వాళ్లు. తండ్రి బాలనర్సయ్యగారు ఏదో కంపెనీ క్యాంపస్‌లో తోటపని చేసి రిటైరయ్యారు. కానీ ఈ పిల్ల మాట తక్కువ. మాట తక్కువ వాళ్ల మనసులో ఏముందో నాకు తెలియదు, తెలియనిదంటే నాకు భయం.

ఒకటి మాత్రం ఖాయం. ఆ మొక్క ఆ మూలలోంచి పోయిన రోజు నేనూ ఈ ఇంట్లోంచి వచ్చేస్తాను. వదినతో చెప్పి ముందుగది ఖాళీ చేయించు. "ఎండ గులాబీకే" అని ఒక కాయితం మీద రాసి, సంతకం పెట్టి పంపు. కోడలికి చూపిస్తాను.

అన్నట్టు పెరట్లో అమ్మ మొక్క పూస్తోందా? ఒక పువ్వు కవర్లో పెట్టి పంపు. రేకులు రాలినా ఫరవాలేదు, వాసన వస్తే చాలు.

పద్మ


కడియం
నవంబరు 18

చిరంజీవి పద్మకి,

ఉత్తరం అందింది. నీ దస్తూరి మారలేదు, కోపమూ మారలేదు.

నువ్వు అడిగినట్టు సంతకం పెట్టి పంపలేను. రెండింటికీ ఎండ కావాలి. గులాబీ తిండిపోతు. ఎరువు వేయాలి, నీళ్లు పోయాలి, ఆరు గంటల ఎండ తగలాలి. రోజ్‌మేరీకి ఎండ ఉంటే చాలు, మిగతాదేదీ అక్కర్లేదు. దానికి శత్రువు నీళ్లే. మట్టి పూర్తిగా ఎండాక పోయాలి. రోజూ పోస్తే వేరు కుళ్లి పదిహేను రోజుల్లో పోతుంది. మా గోదావరి నేలలో అందుకే నిలవదు. రెండూ ఒక కుండీలో మాత్రం కుదరదు, పక్కపక్కన పెట్టుకోవచ్చు.

తీర్పుకి ముందు నాకు కొన్ని సంగతులు కావాలి. కొత్తగా లేచిన కొమ్మల్లో ఒక్కో ఈనెకి ఎన్ని ఆకులున్నాయి? ఐదా, ఏడా? ఆ కొమ్మలు అంటు ముడికి పైనుంచి వచ్చాయా, కిందనుంచా? అక్టోబరులో ఎంత కిందకి కత్తిరించావు? లెక్కపెట్టి రాయి. తొందర లేదు, కానీ రాయి.

వదిన నీ గది ఎప్పుడైనా నీదే అంది. మోకాళ్లకి ఆ నూనె రాస్తున్నావా?

అన్నయ్య


హఫీజ్‌పేట్
నవంబరు 30

అన్నయ్యా,

పువ్వు పంపలేదు. పంపలేకపోయానని కూడా రాయలేదు. పైగా నన్ను ఆకులు లెక్కపెట్టమంటావు. ఆకులు బోలెడున్నాయి, నాకు కావలసింది పువ్వు.

రోజ్‌మేరీ వచ్చేసింది. నన్ను అడిగింది కదా, జవాబు చెప్పే వ్యవధి ఇవ్వాలి కదా? మంగళవారం ఆఫీసు నుంచి వస్తూ కొండాపూర్‌లో కొనుక్కొచ్చి, గులాబీ కుండీని రెండు జానలు జరిపి దాన్ని ఎండలో ఇరికించింది. దువ్వెన నిండా, బాత్రూం జాలీ నిండా రోహిణి జుట్టే. ఒక్క మొక్క తెచ్చి ఎంత జుట్టు మొలిపిస్తుందో చూస్తాను.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. చదివి నువ్వే చెప్పు, నాది అనుమానమా, నిజమా.

కార్తీక సోమవారం నాడు రోహిణి అమ్మానాన్నల్ని భోజనానికి పిలిచాం. సక్కుబాయిగారు నాతో వంటింట్లో ఉన్నారు. బాలనర్సయ్యగారు బాల్కనీలోకి వెళ్లి గులాబీ ముందు గొంతుక్కూర్చున్నారు. మట్టి దగ్గర కాండాన్ని బొటనవేలితో రుద్ది చూశారు. తర్వాత తల ఎత్తి కూతురి వైపు చూశారు. రోహిణి వద్దన్నట్టు తల ఊపింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నేను వెళ్లేసరికి ఆయన లేచి, "చెల్లెమ్మా, మొక్క మంచిగనే పెరిగింది" అన్నారు. ఆ "మంచిగనే" అన్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

ఆ తర్వాత ఆదివారం పొద్దున్నే నేను స్నానానికి వెళ్లాననుకుని రోహిణి కత్తెర తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. ఒకే ఒక్క కొమ్మ, పోయినేడు పూసిన కొమ్మ, అది మొదలంటా కోసింది. కోసి తడిగుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టి, "అమ్మోళ్లింటికి పోయొస్త" అని స్టేషనుకి వెళ్లింది. లింగంపల్లి ఇక్కడికి రైల్లో రెండో స్టేషను. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది, సంచి ఖాళీ. ఆ కొమ్మ ఏదమ్మా అని నేను అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతుంది, ఆ అబద్ధం వినడం నాకిష్టం లేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే సంచి, అదే రైలు.

ఇంట్లోవాళ్లే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోను? అవినాష్‌తో అంటే, "మొక్కే కదమ్మా" అన్నాడు.

నేను మాత్రం మనసులో ఏమీ పెట్టుకోలేదు. రోజ్‌మేరీకి రోజూ నేనే నీళ్లు పోస్తున్నాను. పాపం, ఆఫీసు హడావిడిలో దానికెక్కడ గుర్తుంటుంది? బియ్యం కడిగిన నీళ్లు కూడా వృథా చేయడం లేదు.

పద్మ


కడియం
డిసెంబరు 9

పద్మా,

నీ ఉత్తరంలో చివరి నాలుగు మాటలు మూడుసార్లు చదివాను. నేను రోజ్‌మేరీ గురించి రాసింది నువ్వు చదవలేదేమో అనుకోవడానికి ప్రయత్నించాను. నువ్వు ఉత్తరం చదవకుండా వదిలే మనిషివి కాదు. ఇంక ఆ మాట ఎత్తను.

నీకు చెప్పకుండా దాచినది నా దగ్గరా ఒకటుంది. రెండేళ్లుగా చెప్పాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను. అమ్మ మొక్క లేదు. నువ్వు హైదరాబాద్ వెళ్లిన మొదటి ఎండాకాలం, మొలకల కోసం పెరట్లో నీడవల పందిరి వేయించాం. స్తంభం సరిగ్గా దాని మీదికి వచ్చింది. కూలీల చేత తవ్విస్తే పాడుచేస్తారని నేనే స్వయంగా తవ్వి పక్కకి మార్చాను. యాభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని, తల్లి వేరు తెగ్గొట్టాను. వారం రోజుల్లో ఎండిపోయింది. వదిన నీకు చెప్పమంది. నాకు నోరు రాలేదు. నువ్వు ఉత్తరంలో పువ్వు అడిగినప్పుడు ఆ రాత మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

అమ్మ గులాబీ అంటూ ఇప్పుడు మిగిలింది నీ బాల్కనీలోదే. అందుకే ఆకులు లెక్కపెట్టమన్నాను. నన్ను తిట్టడానికి తర్వాత తీరిక చేసుకో. ముందు బాల్కనీలోకి వెళ్లు.

అన్నయ్య


హఫీజ్‌పేట్
డిసెంబరు 20

అన్నయ్యా,

ఏడు.

ఏ కొమ్మ చూసినా ఏడే. నేల దగ్గర మట్టి తోసి చూశాను. అన్నీ ముడికి కిందనుంచి వచ్చినవే. ఏడాకులంటే ఏంటో నువ్వు చెప్పాలా నాకు? అమ్మ గులాబీకి ఐదే. నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే. పైన కట్టిన అంటు చచ్చింది. కింద ఆధారానికి పెట్టిన అడవి గులాబీ లేచింది. నేను ఇన్నాళ్లూ ఎరువు వేసి, నీళ్లు పోసి, ఎండ కోసం పోట్లాడి పెంచింది ఆ అడవి మొక్కని.

రోహిణి కోసుకుపోయిన కొమ్మ మొదలు ఇంకా కనిపిస్తోంది. అదొక్కటే ముడికి పైన ఉంది. అంటే అమ్మ కొమ్మ అదొక్కటే మిగిలింది, దాన్ని వెతికి మరీ కోసింది. తోటపని తెలిసిన తండ్రి చూపించి ఇచ్చాడు, కూతురు కోసింది. అనుమానం కాదిది, నా కళ్లారా చూశాను.

నిన్న అవినాష్ ముందే అడిగేశాను. "మా అమ్మ గులాబీని నువ్వే చంపావు, నీ జుట్టు మందు మొక్క కోసం" అన్నాను. ఇంకా చాలా అన్నాను. మీ ఇంట్లో ఇలాగే నేర్పారా అని కూడా అన్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అన్నాను. రోహిణి నిలబడి అంతా విన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరెట్ల అనుకుంటే అట్లనే అత్తమ్మా" అని, ఎండ మూలలో చచ్చిపోయిన రోజ్‌మేరీ కుండీ ఎత్తుకుని లోపలికి వెళ్లింది. అవును, అది పోయింది. ఆకులన్నీ నల్లబడి రాలాయి.

నీ మీదా కోపంగానే ఉంది. రెండేళ్లు నా దగ్గర దాచావు. నీకు మొక్క పోయింది, నాకు నీ మీద నమ్మకం పోయింది. అయినా ఇంకెక్కడికి వెళ్తాను? బట్టల సంచి నెలరోజుల కిందటే సర్ది మంచం కింద పెట్టుకున్నాను. జనవరి నాలుగుకి టికెట్టు దొరికింది. రాజమండ్రి స్టేషనుకి ఎవరినైనా పంపు.

పద్మ


కడియం
డిసెంబరు 27

పద్మా,

గది సిద్ధంగా ఉంది. నువ్వు రావద్దని కాదు. కానీ నాలుగో తారీకు టికెట్టు రద్దు చేయించు. ఎందుకో చెప్తాను, చివరిదాకా చదివి తర్వాత చింపెయ్యి.

అమ్మ కొమ్మలు కత్తిరించినట్టే కత్తిరించానన్నావు. అమ్మది సొంత వేరు మీద ఉన్న మొక్క. నేల దాకా నరికినా మళ్లీ గులాబీయే వస్తుంది. నీకిచ్చింది అంటు మొక్క. కుండీలో తొందరగా పూయాలని అలా కట్టాను. దాన్ని ముడి అంటా కోస్తే పైది నీరసించి కింద అడవి మొక్క లేస్తుంది. అది నీకు నేను చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. కాబట్టి అంటుని చంపింది నీ చెయ్యి, నా మరుపు. రోహిణి కాదు. నువ్వు మిగిల్చిన ఆ ఒక్క కొమ్మ కూడా అప్పటికే పైనుంచి ఎండుతూ ఉండి ఉంటుంది. అలాంటిది ఎన్నాళ్లో నిలవదు.

ఇప్పుడు ఒక నర్సరీ వాడి మాట విను. మొక్కని చంపాలనుకున్నవాళ్లు కొమ్మ కోసి చెత్తబుట్టలో పడేస్తారు. తడిగుడ్డలో చుట్టరు. తడిగుడ్డలో చుట్టి మధ్యాహ్నంలోపు ఇంకో చోటికి చేర్చేది ఒక్కందుకే. నేను ఇన్నేళ్లుగా రోజూ చేసే పని అది. నీ రెండో ఉత్తరంలో ఆ మాట చదివినప్పుడే అనుమానం వచ్చింది. తప్పయితే నీకు లేని ఆశ పెట్టినట్టవుతుందని రాయలేదు. రాయకపోవడమే నాకు అలవాటైపోయింది, దాంతోనే ఇంత జరిగింది.

వచ్చే ఆదివారం రోహిణి స్టేషనుకి బయల్దేరినప్పుడు నువ్వు కూడా రైలెక్కు. ఏమీ అడగకు. వెళ్లి చూడు.

అన్నయ్య


హఫీజ్‌పేట్
ఫిబ్రవరి 22

అన్నయ్యా,

రెండు నెలలు నీకు రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదు.

జనవరి నాలుగు ఆదివారమే వచ్చింది. నీ దగ్గరికి రావలసిన రోజున లింగంపల్లి రైలెక్కాను. నేను చెప్పులు వేసుకుంటుంటే రోహిణి సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "నేనూ వస్తాను" అన్నాను. రైల్లో నాకు కిటికీ పక్కన చోటు చూపించి తను నిలబడింది.

వాళ్ల ఇంటి వెనక చిన్న పెరడుంది. గోడవారగా రెండు పెయింటు డబ్బాలు. వాటి మీద నీళ్ల సీసాలు సగానికి కోసి బోర్లించారు. లోపల ఒక్కో పుల్ల, ఆ పుల్లకి చిటికెన వేలంత చిగురు. నేను మోకాళ్ల నొప్పి మరిచి కింద కూర్చున్నాను. లెక్కపెట్టాను. ఐదు. రెండో డబ్బాలోనూ లెక్కపెట్టాను. ఐదు.

బాలనర్సయ్యగారు పక్కన కూర్చున్నారు. "నాలుగు ముక్కలు పెట్టిన చెల్లెమ్మా. రెండు పాయె, రెండు నిలిచినయ్. బతుకుతయో లేదో తెల్వకుండ మీకు ఏం చెప్పాలె? మీ కత్తెరతోనే పోయిందంటే మీరు అన్నం ముట్టకపోతుంటిరి. బిడ్డ వద్దన్నది. బతికినంక చూపిద్దామన్నది" అన్నారు. రోహిణి ప్రతి ఆదివారం వెళ్లింది వాటిని చూసి రావడానికే. ఆయనకి ఆత్రం ఆగదట, సీసా ఎత్తి ఎత్తి చూస్తారట, అందుకని కాపలా.

నేను తల దించుకునే ఉన్నాను. ఇంక దాచడం నా వల్ల కాలేదు. "రోజ్‌మేరీని చంపింది నేను. నీళ్లు ఎక్కువైతే చస్తుందని మా అన్నయ్య రాశాడు. తెలిసే పోశాను" అన్నాను. అంతమంది ముందు అన్నాను, సక్కుబాయిగారు చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

రోహిణి అంది కదా, "తెలుసు అత్తమ్మా. కుండీల బియ్యం కడిగిన నీళ్ల వాసన వస్తుండె."

"తెలిసి ఎందుకు అడగలేదు?"

"మంచం కింద మీ సంచి చూసిన. అడిగితే మీరు కడియం పోతరని."

అన్నయ్యా, అక్కడే కూర్చుని ఏడ్చాను. నేను ఈ ఇంట్లోంచి పోతానని నిన్ను బెదిరిస్తున్న రోజుల్లో, నేను పోతానేమోనని ఆ పిల్ల తన మొక్క కళ్లముందు కుళ్లిపోతుంటే నోరు మూసుకుని చూసింది. ఈ ఇంట్లోకి వచ్చాక రెండేళ్లలో తనకోసం అడిగింది ఆ ఒక్క మొక్కే. ఆ పిల్ల జుట్టు ఎంత ఊడిపోతోందో జాలీ శుభ్రం చేసే నాకు తెలియదా? తెలిసి వెటకారం చేశాను. క్షమించమని అడిగాను. "మనింట్ల మనం గివన్నీ ఏంది అత్తమ్మా" అంటూ నా చేతిలోంచి డబ్బా తీసుకుని పక్కన పెట్టింది. అవినాష్ ముందు నేను అన్న మాటలు వాడి ముందే వెనక్కి తీసుకున్నాను. సంచి విప్పి బట్టలు బీరువాలో సర్దేశాను.

ఇప్పుడు తీర్పు సంగతి. నువ్వు చెప్పలేదు కాబట్టి నేనే చెప్పేశాను. ఎదురు టవరు ఇంకో నాలుగంతస్తులు లేచింది. బాల్కనీలో ఎండ ఇప్పుడు ఒక్క కుండీకే సరిపోతుంది. ఆ కుండీ రోజ్‌మేరీది. అమ్మ గులాబీకి లింగంపల్లి పెరడు, పొద్దంతా ఎండ. రెండింట్లో ఒకదాన్ని అక్కడ నేలలో సొంత వేరు మీద నాటాం. ఆదివారం ఆదివారం నేనూ రోహిణీ రైల్లో వెళ్లి చూసొస్తున్నాం. ఇప్పుడు తనకీ నా పక్కనే చోటు దొరుకుతోంది. అడవి గులాబీని పీకి పారేస్తానంటే బాలనర్సయ్యగారు ఒప్పుకోలేదు. ఎప్పుడో అంటుకి పనికొస్తుందని పట్టుకుపోయారు. మీ ఇద్దరూ ఒక్కసారి కూర్చుంటే బాగుంటుంది, నీకు చెవుడు, ఆయన మాట మెల్లగా, ఏం మాట్లాడుకుంటారో చూడాలని ఉంది.

మీ లారీ డ్రైవరు రామన్న వచ్చే శుక్రవారం కొండాపూర్ నర్సరీకి మొక్కలు దింపుతాడని వదిన ఫోనులో చెప్పింది. మంచి రోజ్‌మేరీ ఒకటి తెప్పించి అతనితో పంపు. గోదావరి మట్టిలో కాదు, ఇసుక కలిపిన మట్టిలో. నీళ్లు నేను పోయను, రోహిణే పోస్తుంది. నేను అడిగినా నా చేతికి చెంబు ఇవ్వొద్దని చెప్పాను.

రామన్న ఖాళీ లారీతో తిరిగి వెళ్తాడు. అందులో ఒక పెయింటు డబ్బా వస్తుంది. గోనెగుడ్డ కట్టాం, మట్టి కదలకుండా. అమ్మ మొక్కకి నీ పెరట్లో చోటు చూడు, పందిరికి దూరంగా. మళ్లీ తవ్వకు. పోయిన ఆదివారం లింగంపల్లి మొక్క మొదటి పువ్వు పూసింది. దాని రేకులు ఈ కవర్లో ఉన్నాయి. రాలిపోయాయి, వాసన మాత్రం పోలేదు.

డబ్బా దించుకునే ముందు ఆకులు లెక్కపెట్టుకో. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. తర్వాత రోహిణి లెక్కపెట్టింది.

పద్మ